మా ఆయన గొంతు

మా ఆయన మాట్లాడితే మూడు పొలాల అవతలివాళ్లు కూడా పని ఆపి వినేవారు. ఆత్మకూరు పక్కన మా ఊరు. నాలుగెకరాల మెట్ట మమ్మల్ని బతికించింది గానీ, ఆయనకు పేరు తెచ్చింది మాత్రం బండలాగుడు పోటీలే. ఎద్దుల జత బండను కదిలించగానే ఆయన మైకు అందుకునేవాడు. అది ఏ ఊరి జత, ఎన్ని అడుగులు లాగింది, ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయి, ఎడమ పక్క ఎద్దు ఎందుకు మొరాయిస్తోంది, దాని తల్లి ఎవరింటి ఆవు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. రాయచోటి నుంచి, కడప నుంచి కూడా మనిషిని పంపి పిలిపించుకునేవారు. కష్టమల్లా ఇంట్లో నాకే. అన్నం తింటూ కూడా ఆ నోరు ఆగేది కాదు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో "కాసేపు నోరు మూసుకోవయ్యా" అని ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు.

గొంతు బొంగురుపోతే ఇద్దరం మైకు మీదికే నెట్టేశాం. మిరియాల కషాయం, పాలలో పసుపు, ఉప్పునీళ్ల పుక్కిలింత, నాకు తెలిసినవన్నీ చేశాను. మూడు నెలలైనా తగ్గకపోతే కర్నూలు తీసుకుపోయాను. అక్కడ ఒక ఆస్పత్రిలో ముక్కులోంచి కెమెరా పంపి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరు మమ్మల్నిద్దరినీ పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. గొంతుపెట్టెలో కేన్సర్.

"రెండు దారులుండాయి," అన్నాడు. "ఒకటి, ఆపరేషన్ చేసి గొంతుపెట్టె తీసేయడం. రెండోది, ఏడు వారాలు కరెంటు పెట్టడం, దాంతోపాటు వారానికొక ఇంజక్షన్. తట్టుకుంటే పెట్టె నిలబడొచ్చు. కానీ మధ్యలో ఆపకూడదు. అంతా అయినాక మూడు నెలలకు కెమెరాతో చూస్తా. గడ్డ అట్లే ఉంటే పెట్టె తీయక తప్పదు."

కరెంటు అంటే రేడియేషన్. ఆ ఆస్పత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ అదే మాట అంటారు.

"పెట్టె తీసేస్తే మాట వస్తాదా సార్?" అని మా ఆయన అడిగాడు.

"ఈ గొంతు అయితే రాదు," అన్నాడు డాక్టరు.

నాకు మనిషి దక్కితే చాలనిపించింది. గొంతు పోయాక ఇంక మనిషి దక్కడమేమిటో ఆయనకు అర్థం కాలేదు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి పోట్లాడుకున్నాం. చివరికి ఆయన మాటే నెగ్గింది. కరెంటుకే ఒప్పుకున్నాం.

నేను అంగన్‌వాడీ టీచర్ని. సెలవు పెట్టి, ఆస్పత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాం. గ్యాసు పొయ్యి, రెండు చాపలు, ఒక కిటికీ. ప్రతి సోమవారం ఆస్పత్రిలో ఆయన్ను తూకం మిషను ఎక్కించేవారు. ఇన్నేళ్లు పసిపిల్లల బరువు రాసిన చెయ్యి నాది. ఒక్క చూపులోనే ఎవరు తగ్గారో చెప్పగలను. ఆ సోమవారాలు వస్తే మాత్రం మిషను వైపు చూడలేక తల తిప్పుకునేదాన్ని.

మొదటి రెండు వారాలు ఆయనకు అదొక పోటీలాగే ఉండింది. మొహం మీద వల లాంటి మాస్కు వేసి, బల్లకు బిగించి పది నిమిషాలు పడుకోబెడతారు. బయటికి రాగానే వరుసలో కూర్చున్నవాళ్లందరికీ వివరాలు చెప్పేవాడు. ఎవరిది ఎన్నో రోజు, ఎవరికి ఇంకా ఎన్ని మిగిలాయి, ఎవరు లోపల భయపడి కాళ్లు కొట్టుకున్నారు, అన్నీ ఆయన దగ్గర ఉండేవి. ముసలామెలు కూడా నవ్వేవారు. మూడో వారానికి గొంతు గీసుకుపోయింది. నాలుగో వారానికి మాట పూర్తిగా ఆగిపోయింది. గుసగుసగా కూడా మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మెడ చర్మం కాల్చిన వంకాయలా నల్లబడి పొరలు లేచింది. ఐదో వారానికి ఉమ్మి మింగాలన్నా కళ్లలో నీళ్లు తిరిగేవి.

మాట పోయాక రాత మొదలైంది. నోటుపుస్తకం, పెన్ను ఎప్పుడూ ఆయన ఒళ్లోనే. "కిటికీ తెరువు" అని చేత్తో చూపిస్తే సరిపోతుంది కదా, దానికి నాలుగు వరుసలు రాసేవాడు, గాలి ఏ వైపు నుంచి వస్తోందో కూడా చేర్చి. పలకరింపుకు వచ్చిన చుట్టాలు ఇంకో రకం. ఈయన మాట్లాడలేకపోతే చెవులు కూడా వినపడవనుకుని చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవారు. "ధైర్యంగా ఉండప్పా!" అని మా పెదమామ అరిచిన అరుపుకు పక్క గదివాళ్లు బయటికొచ్చారు. మా పాస్టరు గారు ఊరి నుంచి బస్సెక్కి వచ్చి ప్రార్థన చేసి, చివర్లో ఆమెన్ కోసం ఈయన వైపు చూశారు. గుడిలో అందరికంటే గట్టిగా ఆమెన్ అనే మనిషి చెయ్యి మాత్రం పైకెత్తాడు. నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఐదో సోమవారం రెండు కిలోలు తగ్గాడు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. ఆహారం సంగతి చూసే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పింది.

"రాగిజావ పాల మాదిరి పల్చగా ఉండాలమ్మా. గుడ్డలో వడగట్టు. సిరంజితో నిదానంగా పొయ్యి. పోసినాక నీళ్లతో గొట్టం కడుగు. మర్చిపోవద్దు."

అన్నింటికీ తలూపాను. పసిపిల్లలకు కొలతలు చూసి పెట్టేదాన్ని, నాకు చెప్పాలా అని లోపల కొంచెం పొగరు కూడా.

రెండు రోజులు చెప్పినట్టే చేశాను. కానీ ఆ జావను చూస్తే నాకే సిగ్గేసేది. మా వైపు మనిషికి పల్చటి జావ పోస్తే ఆ ఇంట్లో ఆ మనిషికి విలువ లేనట్టే. పొలంలోకి వచ్చిన కూలివాళ్లు కూడా చెంబులోకి చూసి మొహం మాడ్చుకుంటారు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్త నాకు నేర్పిన మొదటి పని సంగటి గట్టిగా కెలకడం. అట్లాంటి చేత్తో కట్టుకున్నవాడికి నీళ్లు కాచి పోస్తున్నాను. మూడో రోజు పొద్దున ఆయన పుస్తకం తెరిచి ఒకే మాట రాశాడు. "ఆకలి."

కిటికీకి నాలుగు వరుసలు రాసే మనిషి ఒక్క మాటతో ఆపాడు. నేను ఇంక ఆగలేకపోయాను. పిండి రెండింతలు వేసి చిక్కగా కాచాను. వడగడితే ఉన్న బలం గుడ్డలోనే పోతుందని వడగట్టలేదు. సిరంజిలో సగం లోపలికి పోయింది. తర్వాత కదల్లేదు. బలం పెట్టి నొక్కాను. గొట్టం ఉబ్బింది, ఆయన మొహం ముడుచుకుంది.

ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. సిస్టరు గోరువెచ్చటి నీళ్లతో చాలాసేపు ప్రయత్నించింది. చివరికి గొట్టం బయటికి లాగి, వెలుతురులో పట్టుకుని చూసింది.

"ఏం పోసినావమ్మా ఇందులో? సిమెంటా?"

"జావే సిస్టర్."

"ఇది జావనా? సంగటి ముద్ద!"

కొత్త గొట్టం తెచ్చేసరికి ఆయన రెండు చేతులూ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఎవరు ఎంత చెప్పినా తియ్యలేదు. పుస్తకం లాక్కుని పేజీ నిండా రాశాడు. "చంపినా పెట్టించుకోను." డాక్టరు వచ్చి అది చదివాడు. నా వైపు తిరిగాడు.

"ఎల్లుండి దాకా ఇక్కడే ఉంచుకుని చూస్తానమ్మా. నోటితో తాగి బరువు నిలబెట్టుకుంటే సరి. ఇంకా తగ్గితే కరెంటు ఆపాల్సి వస్తాది. ఇప్పుడు ఆపితే ఇన్ని రోజులు పడిన కష్టం గంగలో కలిసినట్టే. పెట్టె దక్కేది కష్టం."

వరండాలోకి వచ్చి గోడ పట్టుకుని ఏడ్చాను. మనిషి దక్కితే చాలనుకున్నదాన్ని, ఆ మనిషి గొంతును నా చేతులతో నేనే తీసేస్తున్నానని భయం పట్టుకుంది. తిట్టుకోవడానికి కూడా నేను తప్ప ఇంకెవరూ లేరు.

మధ్యాహ్నం మింగడం నేర్పించే ఒక అమ్మాయి వచ్చింది. గడ్డం ఛాతీకి ఆనించి, చిన్న గుటక నోట్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మింగాలని ఆయనకు చేసి చూపించింది. మొదట చెంచాడు నీళ్లు ఇచ్చింది. ఆయనకు పొలమారి దగ్గు ఆగలేదు. అప్పుడు ఆ అమ్మాయి నాతో అంది, "నీళ్ల మాదిరి ఉంటే జారి ఊపిరితిత్తుల్లోకి పోతాదమ్మా. నోటితో తాగేవాళ్లకు కొంచెం చిక్కగా కాచియ్యి. ఉండలు మాత్రం లేకుండా చూసుకో."

"ఏమన్నావమ్మా?" అని మళ్లీ అడిగాను.

"చిక్కగా," అంది.

ఆయన నా వైపు చూశాడు. ఆ కళ్లు నవ్వుతున్నాయో ఏడుస్తున్నాయో తెలియలేదు. నేను గదికి పరుగెత్తి పొయ్యి వెలిగించాను.

తాగే ముందు నొప్పి తగ్గే మందు పుక్కిలించి అరగంట ఆగాలి. తర్వాత చెంచాతో మొదలు. ఒక గ్లాసుకు గంటన్నర పట్టేది. ఒక్కో గుటకకు మెడ నరాలు పైకి లేచేవి, కాలి వేళ్లు ముడుచుకునేవి. అయిపోయిన గంటకు మళ్లీ ఇంకో గ్లాసు. నాలుగో గ్లాసు దగ్గర ఆయన చెంచాను తోసేశాడు. నాకు కోపమొచ్చింది. ఓర్పు నాకు మొదటి నుంచీ తక్కువే.

"తాగుతావా, సిస్టర్‌ని పిల్చి గొట్టం పెట్టించమంటావా? ఎవురి ఎద్దు మొరాయించినా మైకులో ఊరంతా చెప్తావు కదా. ఇప్పుడు నువ్వు మొరాయిస్తాండావు. నేను పోయి ఎవురికి చెప్పాల?"

ఆయన పుస్తకంలో "రాక్షసి" అని రాసి నాకు చూపించి, నోరు తెరిచాడు.

డాక్టరు చెప్పిన రోజున తూకం మిషను ఎక్కాడు. నూరు గ్రాములు మాత్రమే తగ్గాడు. డాక్టరు కాగితం వైపు, ఆయన వైపు, నా వైపు చూసి "కరెంటుకు పొమ్మనండి" అన్నాడు. అక్కడే నిలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ తర్వాత గొట్టం ఊసే లేదు. రోజూ మింగుతూ ఉండటం గొంతుకు మంచే చేసిందని డాక్టరు తర్వాత అన్నాడు. నా తప్పు మంచికే వచ్చిందని నేను చెప్పుకోను. వచ్చింది, అంతే. ఏడు వారాలు పూర్తి చేసి ఊరికి వచ్చాం.

నెల తిరిగేసరికి చర్మం మానింది. మెత్తటి సంగటి పప్పుతో తినగలిగాడు. కొంచెం కొంచెం మాట్లాడొచ్చని డాక్టరు ఫోనులో చెప్పాడు. ఈయన మాత్రం నోరు తెరవలేదు. మొదట్లో బతిమాలాను, తర్వాత అరిచాను. పుస్తకంలో "తర్వాత" అని రాసేవాడు. ఒకరోజు జావ తీసుకుని పొలానికి పోతే గట్టు మీద నిలబడి ఉన్నాడు, నాకు వీపు పెట్టి. భుజాలు లేచాయి, మెడ చాచాడు, ఊపిరి పీల్చాడు. తర్వాత ఏ శబ్దమూ చేయకుండా ఊపిరి వదిలేసి తల దించుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు. మాట్లాడితే ఏం బయటికొస్తుందోనని ఆయనకు భయం. ఏమీ రాకపోతే కెమెరా చూడకముందే తెలిసిపోతుంది. ఆ గొంతు ఉందో లేదో తెలియకుండా ఉన్నన్నాళ్లూ ఉన్నట్టే కదా. నేను వెనక్కి నడిచి, దూరం నుంచి దగ్గుతూ మళ్లీ వచ్చాను. ఆ రోజు తర్వాత మాట్లాడమని అడగలేదు.

మూడు నెలల పరీక్షకు మొదటి బస్సుకే కర్నూలు పోయాం. జనం కిటకిటలాడుతున్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. లోపల ఆయన్ను కూర్చోబెట్టి ముక్కులో కెమెరా పెట్టారు. తెర మీద ఎర్రగా, తడిగా ఏదో కదులుతోంది. డాక్టరు కెమెరాను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. నేను మా ఆయన కుర్చీ వెనక నిలబడి దాని అంచు పట్టుకున్నాను.

"గడ్డ లేదు," అన్నాడు డాక్టరు. కెమెరా బయటికి తీసి మళ్లీ చెప్పాడు. "గడ్డ పూర్తిగా పోయిందమ్మా. పెట్టె తీసే పని లేదు. మధ్య మధ్యలో వచ్చి చూపించుకుంటుండాల, అంతే."

డాక్టరు ముందుకు వంగి మా ఆయన మోకాలి మీద తట్టాడు.

"ఇంక మాట్లాడప్పా. గొంతు ఎట్లుందో నేను వినాల. ఏదో ఒకటి చెప్పు."

గంటల కొద్దీ గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషికి ఒక్క మాట దొరకలేదు. నోరు తెరిచాడు, మూశాడు. గోడ మీద క్యాలెండరు చూశాడు, తలుపు చూశాడు, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. బయటికొచ్చిన గొంతు బరువుగా, గరగరగా ఉంది. పాత గొంతు కాదు. కానీ ప్రతి అక్షరం తెలిసింది.

"మా ఇంటామెకు కుర్చీ ఒగటి వేయించండి సార్. పొద్దున్నుంచి నిలబడే ఉండాది."

సిస్టరు కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఆ తర్వాత డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఒక్కటి కూడా నా చెవిన పడలేదు. అన్నీ ఆయనే విని, బస్సులో నాకు చెప్పాడు.