ఒక్కోసారి ఒక్కో చోట వచ్చిన తప్పు

2024 మార్చి. నెల్లూరులో కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇచ్చే దుకాణం నేను పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లయింది. అసెంబుల్ చేయడమంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ లాంటి భాగాలన్నీ విడివిడిగా తెప్పించి, కొనేవాళ్ల పనికి తగ్గట్టు ఒక పెట్టెలో బిగించి ఇవ్వడం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు, రొయ్యల వ్యాపారం ఆఫీసుల వాళ్లు, ఆటల పిచ్చి ఉన్న కాలేజీ పిల్లలు. ఎవరికి ఏ ప్రాసెసర్ సరిపోతుందో మనిషి గుమ్మంలో ఉండగానే చెప్పేయగలనన్న ధీమా నాకుండేది.

సుమలత ఒక మంగళవారం పొద్దున మైపాడు బస్సు దిగి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. భుజానికి ల్యాప్‌టాప్ సంచి, చేతిలో చిన్న హార్డ్‌డిస్కు. గేముల పనికి మంచి ప్రాసెసర్ కావాలంది. నేను అలవాటుగా ఒక పట్టిక తెరిచి, ఏ ప్రాసెసర్ మీద ఏ ఆట ఎంత సాఫీగా నడుస్తుందో చూపించడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు మర్యాదగా చూసింది.

"అక్కా, నేను ఆటలు ఆడేదాన్ని కాదు. చేసేదాన్ని," అంది.

కుర్చీ లాగి కూర్చోమన్నాను. హైదరాబాదులో ఒక గేముల కంపెనీలో ఆరేళ్లు పనిచేసిందట. అక్కడ మానేసి ఊరికి వచ్చి, కొడవలూరులో ఉండే ప్రసాద్ అనే స్నేహితుడితో కలిసి మూడేళ్లుగా సొంతంగా ఒక ఆట తయారు చేస్తోంది. బొమ్మలు అతనివి, ప్రోగ్రాము ఈమెది. తుఫాను తర్వాత తిరిగిరాని పడవ కోసం ఒక అమ్మాయి సముద్రం మీద వెతుక్కుంటూ పోవడం అందులో కథ. సుమలత నాన్న పోలయ్య యాభై ఏళ్లుగా చేపల వేటకు పోతున్న మనిషి. ఆ కథలోని సముద్రమంతా ఆయన చెప్పిందే.

ఆమె బాధల్లా రెండు ఎదురుచూపులు. ఒకటి కంపైల్. అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చడం. రెండోది లైటింగ్ బిల్డ్. ఆటలో కనిపించే ప్రతి గోడ మీద, ప్రతి పడవ మీద వెలుతురు ఎంత పడుతుందో, ఏ వస్తువుకు తగిలి ఎటు చిందుతుందో కంప్యూటరు ముందే లెక్కగట్టి దాచుకోవడం. గుడిసెలో లాంతరు ఒక జానెడు పక్కకు జరిపినా ఆ లెక్క మళ్లీ చేయాలి. ఆమె ల్యాప్‌టాప్ మీద మొత్తం కంపైల్ కావడానికి యాభై నిమిషాలు, రేవు దృశ్యానికి లైటింగ్ బిల్డ్ పూర్తికావడానికి ఆరు గంటలు పడుతోందట.

"లాంతరు జరిపి, అది ఎట్టుండాదో చూడాలంటే ఒక రోజు పోతా ఉండాది," అంది.

నా పట్టికల్లో ఆ పని ఎక్కడా లేదు. ఉన్నమాట చెప్పాను. "ఆ హార్డ్‌డిస్కులో నీ ఆట ఉంటే ఇటియ్యి మా. నీ పనితోనే చూద్దాం."

దుకాణంలో నేను వాడుకునే మెషీన్‌లో ఎనిమిది కోర్ల ప్రాసెసర్ ఉండేది. కోరు అంటే ప్రాసెసర్ లోపల విడిగా పనిచేసే ఒక్కో మెదడు. ఉన్నవి ఎనిమిదే అయినా ఒక్కొక్కటి చాలా చురుకైనది. అమ్మకానికి తెప్పించిన పదహారు కోర్లది ఇంకొకటి ఉంది. అందులో కోరుకు కోరు పోలిస్తే కాస్త నెమ్మది. రెండింటి మీదా ఆమె ఆటను ఎక్కించి, ఫోన్‌లో గడియారం పెట్టుకుని కూర్చున్నాం.

మొత్తం కంపైల్ ఎనిమిది కోర్ల దాని మీద ఇరవై ఒక్క నిమిషాలు, పదహారు కోర్ల దాని మీద పన్నెండు. ఇక్కడిదాకా నేను ఊహించిందే. ప్రోగ్రాములో ఒక్క వరుస మాత్రం మార్చి మళ్లీ కంపైల్ చేస్తే పందెం తిరగబడింది. ఎనిమిది కోర్లది పద్నాలుగు సెకన్లలో ముగిస్తే, పదహారుది పదిహేడు తీసుకుంది. చివర్లో ముక్కలన్నీ కలిపి కుట్టే పని ఉంటుంది, దాన్ని లింకింగ్ అంటారు. ఆ పని చాలావరకు ఒక్క కోరు మీదే నడుస్తుంది, మిగతావి చూస్తూ ఊరుకోవలసిందే. లైటింగ్ బిల్డ్‌లో మళ్లీ పదహారు కోర్లది చాలా ముందుకు పోయింది. గంటా ఇరవై ఐదు నిమిషాలు. ఎనిమిది కోర్లది రెండు గంటలా నలభై నిమిషాలు.

సుమలత ఒక కాగితం మీద ఇవన్నీ రాసుకుని చాలాసేపు ఆలోచించింది. "చిన్న మార్పులు రోజుకు వంద సార్లు చేస్తానక్కా. అయినా మూడు సెకన్లు నాకు తెలీవు. గంట మాత్రం తెలుస్తాది," అని పదహారు కోర్ల దాన్నే ఎంచుకుంది.

కంపైల్ నడుస్తున్నప్పుడు నేను ఇంకొకటి గమనించాను. కోర్లన్నీ తలా ఒక ఫైలు పట్టుకుని పనిచేస్తుంటే ర్యామ్ నిండిపోతోంది. ర్యామ్ అంటే పని జరిగేటప్పుడు సరుకంతా పరుచుకునే బల్ల లాంటిది. ఎంతమంది పనివాళ్లుంటే అంత పెద్ద బల్ల కావాలి. పరీక్షలో రెండు స్టిక్కులు, అంటే రెండు ర్యామ్ పలకలు వాడాం. ఆమె మెషీన్‌కు నాలుగు వేయాలని ఇద్దరం అనుకున్నాం. వేశాను. వాటి పెట్టె మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం వచ్చేలా సెట్టింగు మార్చాను. ప్రతి మెషీన్‌కూ చేసే పనే. అరగంట సేపు ఒక ఆట ఆడించి, బాగుందని పంపించేశాను.

మొదటి పదిరోజులు ఫోన్లు సంతోషంగా వచ్చాయి. తర్వాత రాలేదు. ఎండలు ముదిరిన ఏప్రిల్ నెలాఖరులో ఫోన్ చేసింది పోలయ్యగారు.

"అమ్మా, మా పాప రెండు రోజులుగా సరిగా తినడంల్యా. ఆ పెట్టె ముందర కూర్చోని ఏడస్తా ఉండాది. నాకు దాని సంగతి తెలీదు. నువ్వొకసారి రాగలవా?"

ఆ పొద్దునే దుకాణం మూసి స్కూటర్ మీద మైపాడు పోయాను. మేడ మీద ఒకే గది, కిటికీలోంచి వలలు ఆరేసిన ఇసుక కనిపిస్తోంది. సుమలత ముఖం పీక్కుపోయి ఉంది. మూడు వారాలుగా కంపైల్ మధ్యలో తప్పులు చూపించి ఆగిపోతోందట. లైటింగ్ బిల్డ్ ముగిసేలోపే పడిపోతోందట. ఒకసారి పూర్తయితే గుడిసె గోడల మీద నల్లటి మచ్చలు వచ్చాయట.

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం మా?"

"మెషీన్ కొత్తది గదక్కా. తప్పు నాదే అనుకున్నా. మూడేళ్ల నుంచి రాసిందాంట్లో యాడో ఏదో చెడగొట్టుకున్నానని వెతకతానే ఉండా. పాత కాపీలు తీసి చూసినా. అవీ అట్టనే ఆగిపోతా ఉండాయి."

ఆటలు విడుదల చేసే బెంగళూరులోని ఒక ప్రచురణ సంస్థ ఆ ఆట మొదటి భాగాన్ని ఎనిమిది రోజుల్లో చూడాలంది. అది నచ్చితే మిగతా ఆటకు వాళ్లే అండగా ఉంటారు. దాన్ని నమ్ముకునే ప్రసాద్ తనకొచ్చిన ఉద్యోగానికి ఇంకా జవాబివ్వకుండా ఆగాడు. మా వల్ల కాదు, మన్నించండి అని సుమలత ఆ సంస్థకు ఉత్తరం రాసి పెట్టుకుంది. ఇంకా పంపలేదు. స్క్రీన్ మీద ఒక మూల అది తెరిచే ఉంది.

నేను ముందు వేడిని అనుమానించాను. పెట్టె విప్పితే లోపల ఉప్పు గాలికి సన్నటి జిగట పొర కనిపించింది కానీ ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయి, ప్రాసెసర్ వేడి హద్దులోనే ఉంది. కరెంటు ఎక్కువ తక్కువ అవుతోందేమోనని పోలయ్యగారు అన్నారు. అదీ చూశాను. యూపీఎస్ సరిగానే ఉంది. ఇక ఏం చూడాలో తోచక ఆమెను మళ్లీ కంపైల్ పెట్టమన్నాను. ఐదో నిమిషంలో ఆగింది. ఇంకోసారి పెట్టమన్నాను. ఈసారి తొమ్మిదో నిమిషంలో ఆగింది.

"ఇందాక ఆగిన ఫైలేనా ఇది?"

"కాదక్కా. ఒక్కోసారి ఒక్కో చోట."

ఆ మాటతో నాకు సంగతి తట్టింది. ప్రోగ్రాములో నిజంగా తప్పుంటే ఎన్నిసార్లు పెట్టినా అదే ఫైలులో, అదే వరుస దగ్గర ఆగాలి. తప్పు చోటు మారుతోందంటే రాసిన మనిషిని అనుమానించడం దండగ. సరుకు పరుచుకున్న బల్లే కదులుతోందన్నమాట.

ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌లో నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. పెట్టాను. ముగ్గురం స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాం. పావుగంట ఏమీ లేదు. తర్వాత ఒక ఎర్ర గీత వచ్చింది. దాని కింద ఇంకొకటి. చూస్తుండగా సగం స్క్రీన్ ఎర్రబడింది.

"ఏందమ్మా అది?" అన్నారు పోలయ్యగారు.

చెప్పక తప్పలేదు. "మీ అమ్మాయి తప్పేం లేదు పెద్దాయనా. తప్పు నాది."

రెండు స్టిక్కులున్నప్పుడు గరిష్ఠ వేగాన్ని మోయగలిగిన ప్రాసెసర్, నాలుగు పెడితే చాలాసార్లు మోయలేదు. మామూలు వాడకంలో అది బయటపడదు. కోర్లన్నీ కలిసి గంటలకొద్దీ ర్యామ్‌ను దున్నే కంపైల్‌లో, లైటింగ్ బిల్డ్‌లో, అదీ గది వేడెక్కినప్పుడు, ఎక్కడో ఒక అంకె తారుమారవుతుంది. నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ, అలవాటుగా సెట్టింగు మార్చాను. అరగంట ఆట ఆడించి పరీక్ష అనుకున్నాను. ఇదంతా వాళ్లిద్దరికీ వివరంగా చెప్పాను.

సుమలత నన్ను తిట్టినా పడేదాన్నే. ఆమె "అంటే నా కోడ్ బాగుందా?" అని మాత్రం అడిగింది.

ర్యామ్‌ను మామూలు వేగానికి దించి పరీక్ష మళ్లీ పెట్టాను. గంటన్నర నడిచింది, ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు. సుమలత కంపైల్ పెట్టింది. ఐదో నిమిషం దాటింది, తొమ్మిదో నిమిషం దాటింది. పదమూడో నిమిషంలో పని ముగిసింది. పాత వేగం కన్నా ఒక్క నిమిషం ఎక్కువ, అంతే.

అయినా నాకు ఇంకో భయం పట్టుకుంది. ర్యామ్‌లో చెడిన అంకెలు ఈ మూడు వారాల్లో ఫైళ్లలోకి కూడా ఎక్కి ఉంటే? ఆ మాట చెప్పాను. అప్పుడప్పుడే తేరుకుంటున్న మనిషి ముఖం మళ్లీ మారిపోయింది. అదృష్టం కొద్దీ ప్రసాద్ దగ్గర కొడవలూరులో పూర్తి కాపీ ఉంది. అతనికి ఫోన్ చేసి, రెండుచోట్లా ఉన్న ఫైళ్లను పోల్చి చూసే ప్రోగ్రాము నడిపించాం. వేల ఫైళ్లు. ఫోన్ స్పీకర్‌లో ప్రసాద్ తేడాలున్న వాటి పేర్లు చదువుతుంటే సుమలత ఒక్కొక్కటీ రాసుకుంది. చాలావరకు ఆమె తెలిసి చేసిన మార్పులే. చివరికి లెక్కకు అందనివి రెండే మిగిలాయి.

"రెండూ గుడిసె వెలుతురు ఫైళ్లే," అన్నాడు ప్రసాద్. "అవి మనం రాసినవి కాదు గదా. మళ్లీ బిల్డ్ పెడితే కొత్తవి వచ్చేస్తాయి."

సుమలత నేల మీద కూర్చుండిపోయి నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నం లైటింగ్ బిల్డ్ పెట్టి కిందికి దిగాం. పోలయ్యగారి భార్య చేపల పులుసుతో అన్నం పెట్టింది. సుమలత రెండోసారి వడ్డించుకుంటుంటే ఆయన నా వైపు చూసి తల ఆడించారు. గంటన్నర తర్వాత మేడ ఎక్కాం. బిల్డ్ పూర్తయి ఉంది. ఆటలో గుడిసె తలుపు తెరుచుకుంది. గోడల మీద ఒక్క మచ్చ లేదు. లాంతరు వెలుగు మట్టి గోడకు తగిలి, పక్కనే ఉన్న వల మీదికి పల్చగా పాకింది.

పోలయ్యగారు దగ్గరికి వంగి చూశారు. "లాంతరు అంత ఎత్తులో ఉంచర్లే పాపా. వల బాగుచేసుకునేటప్పుడు రొంత కిందికి పెట్టుకుంటాం," అన్నారు.

సుమలత లాంతరును కిందికి జరిపి బిల్డ్ మళ్లీ పెట్టింది.

వాళ్లు గడువుకు ఒక రోజు ముందే పంపించారు. బెంగళూరు వాళ్లు చూసి, మిగతా ఆట పూర్తి చేయమన్నారు. ప్రసాద్ ఉద్యోగానికి పోలేదు.

ఆ తర్వాత నా దుకాణంలో పద్ధతి మారింది. మెషీన్ ఇచ్చేముందు కొనేవాళ్ల దగ్గర వాళ్ల పనే అడిగి తెప్పించుకుని, ఒక పూటంతా దాన్నే నడిపించి చూస్తాను. నాలుగు స్టిక్కులు వేస్తే వేగం పెంచను, పెంచమని అడిగినవాళ్లకు ఎందుకు వద్దో చెప్తాను. ఎవరైనా ఫోన్ చేసి మెషీన్ ఆగిపోతోందంటే, ముందు నేను దానికి ఏమేం చేశానో రాసిపెట్టుకున్న కాగితం తీస్తాను. ఏ ప్రాసెసర్ ఎంత వేగమో గడియారం పెట్టి కొలవగలిగాం. మూడు వారాలు ఒక మనిషి తన పనిని తనే నమ్మలేక తిరిగిన సంగతి మాత్రం, వాళ్ల నాన్న ఫోన్ చేసేదాకా నాకు తెలియలేదు. అందుకని మెషీన్ ఇచ్చిన పది రోజులకు నేనే ఫోన్ చేసి ఎలా ఉందని అడుగుతున్నాను.

సుమలత ఇప్పుడు కూడా నెలకోసారి ఏదో ఒకటి అడగడానికి ఫోన్ చేస్తుంది. కంపైల్ ఒక నిమిషం నెమ్మదించిందని ఇంతవరకు ఒక్కసారి కూడా అనలేదు.