ఘంటసాల దారిలో ఐదు ప్లేట్లు

మా పిన్ని ఊరికే ఎక్కడికీ తీసుకెళ్ళదు. ప్రకాశం బ్యారేజీ చూపిస్తానని చెప్పి, చిన్నప్పుడు నన్ను పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి. అందుకే ఆ రెండో శనివారం పొద్దున్నే గుణదలలో మా ఇంటి ముందు కారు ఆపి, “పదండి, ఘంటసాల ఊళ్ళో బౌద్ధ మ్యూజియం, బందరు, మంగినపూడి బీచి, అన్నీ ఒక్కరోజులో చుట్టేసొద్దాం” అనగానే నాకు తేడా కొట్టింది.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. గవర్నర్‌పేటలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలిస్తాను. కాలు విరిగిందని ఎవరైనా రాస్తే, విరిగింది కుడికాలా ఎడమకాలా, ఎక్స్‌రేలో ఉన్నది ఆ కాలేనా అని చూడటం నా పని. అనుమానించినందుకే జీతం. సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఆ అలవాటును ఆఫీసులోనే వదిలేసి రావాలి, కానీ నేనెప్పుడూ వదల్లేదు.

ఆ రోజు సాక్ష్యాలు ఒకదాని వెనక ఒకటి దొరికాయి. మొదటిది, అమ్మ కట్టుకున్న లేత ఆకుపచ్చ పట్టుచీర. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళలో అది బీరువా దాటి బయటికి రాలేదు. స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పడానికైనా, ఆదివారం చర్చిలో పూజకైనా అమ్మకి నేత చీరలే. “బీచికి పట్టుచీరేంటమ్మా?” అంటే, “ఊరికే, మడతల్లో చిరిగిపోతోందని” అంది నా మొహం చూడకుండా. రెండోది, పిన్ని నాతో అన్న మాట: “ఆ కొత్త చుడీదార్ వేసుకో. మొహం కాస్త నవ్వుతూ పెట్టు.” మూడోది డిక్కీలో దొరికింది. పులిహోర, కోడి వేపుడు, పెరుగన్నం, వాటి పక్కన కాగితం ప్లేట్లు. లెక్కపెట్టాను. ఐదున్నాయి. మేం ముగ్గురం.

ఇంక చెప్పేదేముంది, పెళ్ళిచూపులు. మా వాళ్ళలో ఇప్పుడదో పద్ధతి. ఇంటికి పిలిస్తే వీధంతటికీ తెలుస్తుంది, కుదరకపోతే చిన్నతనం. అందుకని రెండు కుటుంబాలూ ఏ చర్చి దగ్గరో, బీచిలోనో “అనుకోకుండా” కలుస్తాయి. నచ్చితే మళ్ళీ కలుస్తాయి, లేకపోతే ఎవరి దారి వాళ్ళది. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, మూడు సంబంధాలు వెనక్కి పంపాను. అందులో ఒకతన్ని జీతం కాగితం చూపించమన్నాను, అతను మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఈసారి నాతో చెప్పకుండానే పని కానిద్దామనుకుంటున్నారని నాకు ఒళ్ళు మండిపోయింది.

బందరు రోడ్డు మీద నేను పొలాలు చూడలేదు, పిన్ని ఫోన్ చూశాను. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీల వెనక ఇరుక్కున్నప్పుడు అది రెండుసార్లు మోగింది. రెండుసార్లూ పిన్ని, “ఆఁ, వస్తున్నాం, వస్తున్నాం” అని పెట్టేసింది. ఎవరని అడిగితే, “గ్యాస్ బండి అతను” అంది. గ్యాస్ బండి అతనికి మేం వస్తున్నామని చెప్పడం దేనికి? అమ్మ వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి, కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఘంటసాలలో మ్యూజియం చిన్నదే. తెల్లటి రాతి పలకలు, వాటి మీద పద్మాలు, స్తూపాలు. ఒకప్పుడు ఇది పెద్ద రేవనీ, ఇక్కణ్ణుంచి రోము దాకా సరుకు వెళ్ళేదనీ అక్కడి ఉద్యోగి చెప్పాడు. బయట చూస్తే వరిచేలు, గేదెలు. సముద్రం ఎంత దూరానుందో కనుచూపుకి కూడా ఆనదు. ఇక్కడ రేవేమిటి, ఆధారాలు చూపించమందామా అనిపించింది. ఆ మూడ్‌లో ఉన్నాను నేను.

అప్పుడే వాళ్ళు వచ్చారు. ఒకాయనకి అరవై దగ్గర పడుతుంటాయి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. పక్కన ముప్పై ఏళ్ళ కొడుకు.

“అరె, మీరా! ఏంటండీ ఇలా వచ్చారు?” అంది పిన్ని. ఆవిడ నటనకి రాతి పలకలు కూడా నవ్వుంటాయి.

“ఏదో, చూసి పోదామనండి” అన్నాడాయన. నుదుటి మీద చెమట తుడుచుకుని అమ్మ వైపు తిరిగి, “బాగున్నారా టీచరు గారూ?” అన్నాడు. అమ్మ తలూపింది. ఈయన అమ్మని టీచరు గారూ అంటున్నాడంటే అమ్మకి ముందే తెలుసన్నమాట, అమ్మ కూడా ఈ నాటకంలో ఉందన్నమాట. నాకు అంతే అర్థమైంది. అంతకంటే ఒక్క అడుగు ముందుకేసి ఆలోచించలేదు. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

కొడుకు మెల్లగా నా పక్కకొచ్చి నిలబడ్డాడు. “మీతో ఒక మాట మాట్లాడాలండి” అని మొదలుపెట్టాడు. నేను మాట్లాడనివ్వలేదు.

“మీరు శ్రమపడకండి. నాకన్నీ తెలుసు. ఈ సంబంధం మాకు అక్కర్లేదండి. మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఇదంతా మా పిన్ని సొంత పెత్తనం.”

చిన్న హాలు, రాతి గోడలు. ప్రతి మాటా అందరికీ వినపడింది. వినపడాలనే అన్నాను కూడా. కుర్రాడు తండ్రి వైపు చూశాడు. ఆ పెద్దాయన మాత్రం అమ్మ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

“తప్పయిపోయిందండీ. ఇంట్లో ఇష్టం లేదని నాకు తెలీదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను.”

అమ్మ ఏదో చెప్పబోయింది. ఈలోగానే వాళ్ళిద్దరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు, బయట బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. నేను గెలిచాననుకున్నాను. కారెక్కేటప్పుడు పిన్నితో, “నన్ను మోసం చెయ్యడం అంత తేలిక కాదు పిన్నీ” అన్నాను కూడా.

పిన్ని స్టీరింగు మీద చేతులు పెట్టి నా వైపు తిరిగింది. “వాళ్ళు నీ కోసం రాలేదే. మీ అమ్మ కోసం వచ్చారు.”

బందరు ఎప్పుడు దాటామో తెలీదు. అక్కడి డచ్చివాళ్ళ పాత సమాధులు చూద్దామన్న మాట ఎవరూ ఎత్తలేదు. మంగినపూడిలో నల్ల ఇసక మీద దుప్పటి పరుచుకుని మూడు ప్లేట్లలో తిన్నాం. మిగిలిన రెండూ గాలికి ఎగిరిపోకుండా పిన్ని వాటి మీద నీళ్ళ సీసా పెట్టింది. అక్కడే ముక్కలు ముక్కలుగా విషయం బయటికొచ్చింది. ఆయన కొండపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారు, భార్య లేరు. గుణదల మేరీమాత తిరునాళ్ళలో మంచినీళ్ళ పందిరి దగ్గర అమ్మా ఆయనా రెండేళ్ళు పక్కపక్కనే నిలబడి గ్లాసులు అందించారు. ఆ కుర్రాడు నాతో మాట్లాడాలన్నది నన్ను ఒప్పించడానికి.

“నాతో నువ్వే చెప్పొచ్చు కదమ్మా” అన్నాను.

“భయమేసిందమ్మా. నువ్వు ప్రతిదానికీ కాగితాలు అడుగుతావు. దీనికి నా దగ్గర ఏ కాగితం ఉంది?”

కన్నతల్లి నన్ను చూసి భయపడింది. ఆ మాట ఇప్పుడు రాస్తున్నా సిగ్గుగానే ఉంది. ఇన్సూరెన్సు ఆఫీసులో నన్ను చూసి భయపడే వాళ్ళుంటే నాకు గర్వంగా ఉండేది. ఇంట్లో కూడా ఒకరున్నారని ఆ రోజే తెలిసింది.

పట్టుచీర మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు మరీ కష్టంగా ఉండేది. నెల తిరక్కుండా పిన్ని దగ్గర నంబరు తీసుకుని ఆయనకి ఫోన్ చేశాను. తప్పు నాదన్నాను, మా ఇంట్లో ఇష్టం లేనివాళ్ళు ఎవరూ లేరన్నాను. ఆయన మర్యాదగానే విన్నారు. “మీ అమ్మగారు ఆ రోజు ఏమీ అనలేదు కదమ్మా. ఆవిడ మనసులో ఏముందో ఆవిడే చెప్పాలి గాని, మనం అనుకుంటే సరిపోదు” అన్నారు. నాకంటే జాగ్రత్త గల మనిషి. మా ఆఫీసులో ఉండాల్సినవారు అనుకున్నాను.

ఆ తరవాత వచ్చిన రెండో శనివారం పొద్దున్నే అమ్మతో, “కొండపల్లి కోట చూసొద్దామా? పిన్ని కారు తెస్తానంది” అన్నాను.

అమ్మ కూర తరగడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఇంత ఎండలో కోటేంటి?”

“చల్లగా ఉంటుందట, కొండ మీద.”

“ఎవరు చెప్పారు?”

“పిన్ని.”

“ఎవరుంటారక్కడ?”

“ఎవరుంటారమ్మా, కోతులుంటాయి.”

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, పట్టుకోవడమే వచ్చు. అమ్మ నా మాట నమ్మలేదు. లేచి వచ్చి గుమ్మం దగ్గర నేను సర్దిపెట్టిన సంచీ విప్పి, పైనున్న కాగితం ప్లేట్లు తీసింది. ఒక్కొక్కటే వేలితో విడదీసి లెక్కపెట్టింది. ఐదున్నాయి. మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చి, జాగ్రత్తగా సంచీలో పెట్టేసింది.

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను గోడకి ఆనుకుని, నా జీవితంలో ఏ క్లెయిము కోసమూ ఎదురుచూడనంతగా ఎదురుచూశాను. కాసేపటికి బీరువా తలుపు కిర్రుమంది.

లేత ఆకుపచ్చ చీరతో బయటికొచ్చి నా ముందు నిలబడింది. “కుచ్చిళ్ళు సరిచెయ్యి” అంది. కింద కూర్చుని సరిచేస్తుంటే నా తల మీద మెల్లగా ఒక మొట్టికాయ వేసింది.

“ఈసారి నేనే మాట్లాడతాను. నువ్వు నోరు మూసుకుని కూర్చో.”