నాలుగో ఏడాది క్యాష్ నిండుకుంది

మా ముత్తాత రాజలింగం గారు సికింద్రాబాద్ కంటోన్మెంటు గుర్రాలకు దాణా కాంట్రాక్టరు. మా తాత నరహరి గారు బజారులో నడిచొస్తుంటే ఎదురొచ్చే జట్కాలు పక్కకు తొలగి ఆగేవి. మా ఉలవలు తిన్న గుర్రాలు కాబట్టి వాసన పట్టి ఆగేవని గిట్టనివాళ్లు అంటారు. మీరు నమ్మకండి. తర్వాత సైన్యం లారీలకు మారింది. లారీలు ఉలవలు తినవు. మా పతనాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పలేను.

అంతటి వంశంలో పుట్టిన నేను, ఊహల్లో తప్ప ఎక్కడా లేని ఒక బిస్కెట్ల కంపెనీని ఒకే ఒక్క మాటతో దివాలా తీయించాను. ఆ ఘనకార్యమే ఇది.

ఎంబీఏ అయ్యాక ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే, సగమే వచ్చింది. చేరేముందు ఫైనాన్షియల్ మోడలింగ్ నేర్చుకోవాలి. అంటే ఒక కంపెనీ రాబోయే ఐదేళ్లలో ఎంత సంపాదిస్తుంది, ఎంత ఖర్చు పెడుతుంది, చివరికి చేతిలో ఏం మిగులుతుంది అన్నది ఎక్సెల్‌లో ముందుగానే లెక్క కట్టడం. ఇద్దరిద్దరు కలిసి ఒక మోడల్ చేసి చూపించాలి. నచ్చితేనే మిగతా సగం ఉద్యోగం.

నాన్నగారు సూటిగా చెప్పారు. "రాంగోపాల్‌పేట్‌లో మనకు మిగిలింది ఆ ఒక్క మల్గీ. నీ జీతం మొదలైతే ఆ దుకాణం జోలికి పోను. లేదంటే ఈ నెలలోనే బేరం ఒప్పుకుంటాను."

నాకు జంటగా పడ్డవాడు మహేశ్. స్టీలు సామాన్ల వ్యాపారి కొడుకు. నా నిటారు నడక చూసి మొదటిరోజే నాకు 'దొర' అని పేరు పెట్టాడు. మా ఊహల బిస్కెట్ల కంపెనీ పని పంచుకున్నాం. అమ్మకాలు, ఖర్చులు, చేతిలో మిగిలే నగదు నా వంతు. కంపెనీ తెచ్చే అప్పులు, వాటాదారులకు పంచే లాభాలు అతని వంతు.

"నీ షీటు పంపు దొరా, జెర చూస్తా."

"పూర్తికాని పని పరాయివాళ్లకు చూపించడం మా ఇంట్లో లేదు."

"మరి నా లెక్క ఎట్ల షురూ చెయ్యాలె?"

"ఫోన్‌లో అడుగు, చెబుతాను."

ఇక్కడ మా నాయనమ్మ గురించి ఒక్క మాట. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆవిడ ముందు ఏదీ 'లేదు' అనకూడదు, 'అయిపోయింది' అనకూడదు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. ఆస్తి కరిగేకొద్దీ మా ఇంట్లో ఈ మాట జోరందుకుంది. పప్పు నిండుకుంది, నూనె నిండుకుంది, గ్యాసు నిండుకుంది. గోడ అవతల నిలబడి వింటే మేం కోటీశ్వరులమనుకుంటారు.

మహేశ్ ఫోన్ చేశాడు. "మూడో ఏడు క్యాష్ ఎట్లుంది?"

"నిండుకునేలా ఉంది."

"మంచిదే! నాలుగో ఏడు?"

"పూర్తిగా నిండుకుంది."

"షాన్‌దార్! అయితే పెద్ద నంబరే ఏస్తున్నా."

అప్పు తెస్తున్నాడనుకున్నాను. కష్టకాలంలో అతని ఉత్సాహం నాకు నచ్చింది. "వేయి, సంకోచించకు," అన్నాను, అచ్చం తాతగారి గొంతుతో.

పరీక్ష రోజు పొద్దున ఇద్దరి షీట్లూ హడావుడిగా ఒకే ఫైలులో అతికించి తెర మీద పెట్టాం. నాలుగో ఏడాది దగ్గర అంకెలన్నీ పండుమిరపకాయల్లా ఎర్రబడ్డాయి. పరీక్షించడానికి వచ్చిన సుజాత మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు.

"ఈ ఏడాది కంపెనీ చేతిలో పైసా లేదు. ఇదే ఏడాది వాటాదారులకు అన్నిటికంటే ఎక్కువ పంచారు. ఎక్కణ్నుంచి తెచ్చి పంచారు?"

మహేశ్ నావైపు వేలు చూపించాడు. "మేడమ్, క్యాష్ నిండుకుందని ఈయనే చెప్పిండు."

"నిండుకోవడం అంటే అయిపోవడమయ్యా!"

"ఏందీ?" మహేశ్ కుర్చీతో సహా నావైపు తిరిగాడు. "నిండుడంటే నిండుడే కదా! అయిపోతే అయిపోయిందని చెప్పరాదా? నన్ను పరేషాన్ చేసినవ్ గద దొరా!"

"మా ఇంట్లో ఆ మాట అనరు," అన్నాను. నడుము ఇంకా నిటారుగానే ఉంది. దానికి సిగ్గు తెలియదు.

మేడమ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు. "సరే. మరి నిండుకున్నాక ఎవరైనా వచ్చి అడిగితే మీ ఇంట్లో ఏం చేస్తారు?"

"లేదనకుండా ఇస్తాం, మేడమ్."

ఆవిడ తెర వైపు చూశారు. "అవును. కనిపిస్తూనే ఉంది."

విన్నమాటను విన్నట్టు లెక్కలోకి తీసుకున్నందుకు మహేశ్‌ను చేర్చుకున్నారు. నన్ను మాత్రం మరో ఆరు నెలలు మోడలింగూ, మామూలు తెలుగూ నేర్చుకుని రమ్మన్నారు. నేర్చుకున్నాను, వెళ్లాను, చేరాను.

అందుచేత పాఠక మహాశయులారా, రాజలింగం గారి మునిమనవడినైన నేను తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. బ్రతికున్నంతకాలం బ్యాంకులో గానీ వంటింట్లో గానీ ఏదీ నిండుకుందని అనను. ఉప్పు అయిపోతే ఉప్పు అయిపోయిందనే అంటాను, నాయనమ్మ ఏ లోకంలో ఉన్నా చెవులు మూసుకోవలసిందే.

రాంగోపాల్‌పేట్ మల్గీని మాత్రం నేను పరీక్ష తప్పిన ఆ నెలలోనే, షట్టరుతో సహా, మొబైల్ కవర్లు అమ్ముకునే ఆయనకు అమ్మేశాం.