డెబ్బై మూడు నడక రోజులు

పదకొండు మందికి కళ్ళకలక. ఒక్కొక్కరినీ అయిదేసి రోజులు వ్యాయామం హాల్లోకి రానివ్వలేదు కాబట్టి యాభై అయిదు. హాలంతా కడిగించడానికి రెండు రోజులు తలుపులు మూశాం. ఆ రెండు రోజులూ కళ్ళకలక లేకపోయినా, వచ్చి తగ్గిపోయినా మంచం మీదే ఉండిపోయినవాళ్ళు తొమ్మిది మంది, అంటే పద్దెనిమిది. కలిపితే డెబ్బై మూడు. ఆ వానాకాలంలో మా పునరావాస కేంద్రం పోగొట్టిన నడక రోజులివి.

నడక రోజంటే ఏమిటో చెప్పాలి. విజయనగరం ఊరి చివర ఉన్న ఆ కేంద్రానికి పక్షవాతం వచ్చినవాళ్ళూ, కాళ్ళు విరిగినవాళ్ళూ వస్తారు. ఇరవై మంచాలు. మనిషికి ఆరు వారాల గడువు. గడువు తీరితే ఆ మంచం వరుసలో ఉన్న మరొకరికి ఇవ్వాలి. హాలు మధ్యలో నడుమెత్తున రెండు పొడవాటి ఇనుప కడ్డీలుంటాయి. వాటిని చెరో చేత్తో పట్టుకుని నడక నేర్చుకున్న రోజే లెక్కలోకి వచ్చే రోజు. మిగతావన్నీ పడుకున్న రోజులే.

నేను డాక్టర్ని కాను. గోనెసంచుల మిల్లులో కట్టలు లెక్కపెట్టే పని చేసి, అది మూతపడ్డాక ఇక్కడ స్టోర్‌లో చేరాను. శాతాలూ సగటులూ ఆ కట్టల దగ్గరే సొంతంగా నేర్చుకున్నాను. అది తెలిసి ఫిజియోథెరపీ మేడమ్ ఇన్‌ఫెక్షన్ ఆడిట్ నాకు అప్పగించారు. మూలన స్టూలు వేసుకుని కూర్చుని, సిబ్బంది రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకున్నారా లేదా చూసి గీతలు పెట్టడం నా పని.

మార్కులు బాగానే వచ్చేవి. నూటికి ఎనభై ఎనిమిది. అయినా కళ్ళకలక ఆగలేదు. కేంద్రాన్ని నడిపే ట్రస్టు పెద్దలు వచ్చి ఇంకో రెండు వారాలు చూస్తామన్నారు. ఈలోగా కొత్తగా ఒక్కరికి అంటుకున్నా హాలు మూసి అందరినీ ఇళ్ళకు పంపేస్తామన్నారు. అంటుకోకపోతే మాత్రం పోయిన రోజులు ఎవరివి వాళ్ళ గడువుకు కలపాలని నేను అడిగాను. మా దగ్గర అంటుకున్న జబ్బు గనక ఆ రోజులు మేమే బాకీ అన్నాను. సరేనన్నారు.

ఆ మాట కోసం అందరికన్నా ఎక్కువగా చెవులు రిక్కించింది భావనపాడు నుంచి వచ్చిన చేపలామె. ఆమెకు పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. కళ్ళకలకకు అయిదు, తగ్గాక హాలు మూసినప్పుడు రెండు, ఆమెవి ఏడు రోజులు పోయాయి. గడువు సరిగ్గా ఆ రెండు వారాలతో ముగుస్తుంది. ఆమెకు కావలసింది ఒక్కటే: ఎవరూ పట్టుకోకుండా టెక్కలి బస్సు ఎక్కడం. బస్సెక్కలేని మనిషికి చేపల బేరం లేదు. కడ్డీల చివర పెట్టిన చెక్క మెట్టు మీదికి ఆమె కుడికాలు ఇంకా లేవడం లేదు.

మర్నాడు సిబ్బంది చేతులు వదిలేసి రోగుల చేతులు చూడడం మొదలుపెట్టాను. గంటలో తెలిసిపోయింది. నడవబోయే ప్రతివారూ ముందు కడ్డీని తాకి, ఆ వేళ్ళు కళ్ళకు అద్దుకుంటున్నారు. ఎనిమిది మంది నడిస్తే ఎనిమిది మందీ. అంతకుముందు నడిచినవారి చేతి చెమట ఇంకా ఆరని కడ్డీ అది. ఇన్నాళ్ళూ నా ఎదురుగానే జరుగుతున్నా నాకు కనబడలేదు. పొద్దున్నే కలం తీసి నేనూ కళ్ళకద్దుకునేవాణ్ణే మరి.

మేడమ్ వెంటనే బోర్డు పెట్టించారు, కడ్డీని కళ్ళకద్దుకోవద్దని. కొందరు ఆవిడ అటు తిరగ్గానే అద్దుకున్నారు. చేపలామె అసలు కుర్చీలోంచి లేవనంది.

“పడవ దించినప్పుడు దండమెట్టకుండా నీట్లోకి తోస్తారేటి బాబూ? మొక్కకుండా అడుగేస్తే నాను పడిపోతాను. అప్పుడేటి సేస్తావు, అదీ లెక్క రాసుకుంటావా?”

ఆమె పక్కనే, లారీ బోల్తాపడి రెండు కాళ్ళూ విరిగిన సాలూరు డ్రైవరు చక్రాల కుర్చీలో తన వంతు కోసం చూస్తున్నాడు.

“ఓలప్పా, మా బండికీ దండమెడతాం,” అన్నాడు. “కిలీనరు స్టీరింగు తుడిసినాకే. ఎవుడెవుడు పట్టుకున్నాడో ఆ మురిక్కి మొక్కుతామేటి?”

“నువ్వా సుబ్బరం గురించి సెప్తన్నావు? నీ కుర్సీ సూసుకో ముందు, ఎలాగున్నాదో.”

అందరూ నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వకుండా బోర్డు తీసేయమన్నారు. ఆ పూట నుంచి పద్ధతి మారింది. నడిచేవారు తలుపు దగ్గర కుళాయి కింద చేతులు కడుక్కోవాలి. మందు నీళ్ళలో తడిపిన కొత్త గుడ్డతో కడ్డీని తామే ఈ చివర నుంచి ఆ చివరికి తుడవాలి. తడి ఆరాక దండం పెట్టుకోవాలి. దేవుడి గది తుడవకుండా ఎవరూ దీపం పెట్టరు గనక ఇందులో ఎవరికీ తప్పు తోచలేదు. ఎవరూ అనుకోని లాభం ఇంకొకటి కలిసింది. పక్షవాతం వచ్చినవాళ్ళు పడిపోయిన చేత్తోనే తుడవాలని మేడమ్ షరతు పెట్టారు. ఎన్ని చెప్పినా వ్యాయామానికి బద్ధకించినవాళ్ళు, మొక్కు కోసం ఆ చేతిని కడ్డీ పొడవునా లాక్కుంటూ వెళ్ళారు.

పదకొండో రోజున చేపలామె ఎడమ కన్ను ఎర్రబడింది. డాక్టరుగారు వచ్చి రెప్ప తిప్పి చూసి, పొద్దున్న ఏం తిన్నావని అడిగారు. కోడలు తెచ్చిన ఎండుచేపల వేపుడు తిని, ఆ కారం వేళ్ళతోనే కన్ను నలుపుకుందట. నీళ్ళతో కడిగితే సాయంత్రానికి ఎరుపు పోయింది.

రెండు వారాలు నిండాయి. ఒక్క కొత్త కన్ను కూడా ఎర్రబడలేదు. ట్రస్టు పెద్దలు మాట నిలబెట్టుకుని డెబ్బై మూడు రోజులూ కలిపారు. ఆ సంగతి హాల్లో చదివి వినిపించింది నేనే. డ్రైవరు కుర్చీ చక్రాల మీద దరువేశాడు.

కలిపిన రోజుల్లో నాలుగోది. చేపలామె కుడికాలు చెక్క మెట్టెక్కింది. దిగి, మళ్ళీ ఎక్కింది. మూడోసారి కడ్డీ వదిలేసి ఎక్కి, ఇక చాలంది. కొడుకు ఆటో తెస్తే వెనక్కి పంపేసింది. గేటు ముందు టెక్కలి బస్సు ఆగి ఆమె ఎక్కుతుంటే మేడమ్ వెనకాల చేతులు చాచి నిలబడ్డారు గానీ వాటి అవసరం రాలేదు.

నీ ఏడు రోజుల్లో మూడు మిగిలిపోయాయమ్మా అని కిందనుంచి చెప్పాను.

“నీకాడే ఉండనీ బాబూ,” అంది కిటికీలోంచి. “నాకు బేరం ఉన్నాది.”

మిగతావాళ్ళందరూ తమ రోజులు తాము పూర్తిగా వాడుకున్నారు. డెబ్బై మూడులో డెబ్బై తీర్చాం. ఆమె మళ్ళీ రాలేదు. మూడు రోజులు ఈనాటికీ బాకీ ఉన్నాం.