ఏడు లెక్కపెట్టేదాకా

మాట్లాడేవాళ్లు మధ్యలో ఆగితే నాకు ఊపిరాడదు. మిగతా మాట నేనే అందించేస్తాను. సండేస్కూల్లో వాక్యం అప్పజెప్పే పిల్ల తడబడితే వెనకనుంచి నేనే పూర్తిచేసి తిట్లు తినేదాన్ని. మస్కట్ వచ్చి పన్నెండేళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా పనిచేశాక ఆ అలవాటు బాగా ముదిరింది. అక్కడ మంచాలమీద ఉండేవాళ్లలో చాలామంది భవనాలు కట్టే సైట్లనుంచి వచ్చిన మనవాళ్లే. డాక్టరు అడిగేది వాళ్లకి అర్థంకాదు, వాళ్లు చెప్పేది డాక్టరుకి అర్థంకాదు. "నొప్పి ఎప్పటినుంచి?" అనగానే "నిన్నటినుంచి డాక్టర్, తిన్నది ఇమడటంలేదు" అని నేనే చెప్పేసేదాన్ని. పేషెంటు నోరు తెరిచేసరికి డాక్టరు పక్కమంచం దగ్గర ఉండేవాడు. చురుకైన సిస్టరని నాకు పేరు కూడా వచ్చింది.

అలాంటి నన్ను మా నర్సుల కంపెనీ ఊళ్లోనే బౌషర్ పేటలో ఒక ఇంటి డ్యూటీకి వేసింది. పేషెంటు బ్రిటిష్ ఆవిడ, ఎనభై ఎనిమిదేళ్లు. భర్త రోడ్లు వేసే ఇంజనీరుగా వస్తే ఆయన వెంట వచ్చి, ఆయన పోయాక కూడా నలభై ఏళ్లకు పైగా ఇక్కడే ఉండిపోయింది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా ఆవిడకి తెలుస్తుంది. తిరిగి చెప్పడానికే మాట దొరకదు.

ఆ ఇంట్లో ఇంకో మనిషి, జగిత్యాల వైపు నుంచి వచ్చిన అన్న. వంట, కారు, తోట అన్నీ ఆయనే. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నాడు. ఆయనకి అక్కడ హాయి. నాకు మాత్రం ఒక్క మనిషిని చూసుకుంటూ ఒక్క గదిలో కూర్చోవడం పరమ విసుగు. నన్ను మళ్లీ వార్డుకి వెయ్యమని ఆఫీసుకి మూడుసార్లు అర్జీ పెట్టాను.

ఇంతలో ఇంగ్లండు నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్ చేసి పెట్టడం నా తప్పే. మూడు వారాల్లో వస్తున్నానంది. తనకేం కావాలో అమ్మ తనంతట తను చెప్పగలిగితేనే ఈ ఇంట్లో ఉండనిమ్మన్నారట డాక్టర్లు. లేకపోతే తనతో తీసుకుపోయి అక్కడి వృద్ధాశ్రమంలో చేర్చాలట. గది కూడా చూసిందట. కూతుర్ని తప్పుపట్టడానికి లేదు, చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

ఆ రోజు ముసలావిడ సూప్ ముట్టలేదు. ఎడంచేత్తో చక్రాల కుర్చీని తోసుకుంటూ వీధి తలుపు దాకా వెళ్లి గడియ పట్టుకుని కూర్చుంది. నేను వేళ్లు విడదీయబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది. ఈవిడని ఎక్కడికీ పంపేది లేదు, నేను వార్డుకి పోయేలోపు ఈవిడచేత మాట్లాడించి తీరాలి అనుకున్నాను.

దారి చూపించింది అన్నే. "మేడం పడుసుతనంల టీవీల పాఠాలు చెప్పేదట సిస్టర్. బడిపోరగాళ్లకు. గా ఆల్బంల ఉన్నయి సూడు" అన్నాడు.

ఆల్బంలో పసుపుబారిన పేపరు ముక్క ఒకటి అంటించి ఉంది. అరవై ఏళ్లనాటి టీవీలో ఒక రోజంతా ఏమొస్తుందో అందులో వేశారు. రోజంతా అంటే మనలా ఆగకుండా కాదు. పొద్దున పదకొండింటికి బడిపిల్లలకి పాఠాలు. వాటికింద పెన్సిల్ గీత, అది ఈవిడది. మధ్యాహ్నం కాసేపు చంటిపిల్లల ఆట. ఆ తర్వాత ఐదింటిదాకా ఏమీ లేదు, టీవీ మూతే. ఐదింటికి పిల్లల కథ, తర్వాత వార్తలు, పాట, నాట్యం, నవ్వించే నాటకం. చివర జాతీయగీతం.

ఆవిడ చెప్పిన పాఠాల్లో ఒక్కటే మిగిలింది. దాన్ని కూతురు ఎప్పుడో పెన్‌డ్రైవ్‌లో వేయించి పెట్టింది. మిగతా కార్యక్రమాలకోసం అన్న ఫోన్‌లో వెతికి అప్పటి డాన్సులు, హాస్యాలు పట్టాడు. ఆ పేపరు ముక్క ప్రకారం రోజూ ఆ ఇంట్లో అప్పటి టీవీ నడపాలని తీర్మానించాను. ఆ సంగతి చెప్పేసరికి ముసలావిడ కళ్లు మెరిశాయి.

తెరమీద ఆవిడకి ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. తెలుపు నలుపు బొమ్మ, బిగించి దువ్విన జుట్టు, ఎదురుగా బల్ల. బల్లమీద గోధుమ కంకి, గిన్నెలో పిండి, రొట్టె. "రొట్టెకి ముందు ఇది ఏమై ఉండేది?" అని అడిగి ఆగుతుంది. ఎక్కడో బళ్లలో కూర్చున్న పిల్లలు జవాబు చెప్పడానికి ఆ ఖాళీ. కాసేపటికి "బాగా చెప్పారు, పిల్లలూ" అని ముందుకి పోతుంది. ఆ పిల్లలు గాడిదగుడ్డు అన్నా ఈవిడకి వినపడదు కదా, వినకుండానే మెచ్చుకుంటుందని నేనూ అన్నా పడీపడీ నవ్వుకున్నాం.

మొదటిరోజు పాఠం పెట్టాను. తెరమీద ఆవిడ అడిగింది, ఆగింది. కుర్చీలో ఆవిడ పెదవులు కదిలాయి. అంతే, నా నోరు ఊరుకుంటేగా! "పిండి, మేడమ్! పిండి!" అన్నాను. రెండో ప్రశ్నకి "గోధుమలు!" మూడో ప్రశ్నకీ నేనే. రెండోరోజూ అదే వరస. బడిలో నాకు ఇన్ని మార్కులు ఎప్పుడూ రాలేదు.

మూడోరోజు నేను "పిం" అనేసరికి ఆవిడ ఎడంచేత్తో నా చేతిలోని రిమోట్‌ని ఒక్క తోపు తోసింది. అది గోడకి తగిలి బ్యాటరీలు ఊడిపోయాయి. ముఖం కందగడ్డ అయింది. ఇంత చాకిరీ చేస్తుంటే నామీదే కోపమా అని నాకూ ఒళ్లు మండింది. వంటింట్లోకి పోయి అన్న దగ్గర మొదలుపెట్టాను.

ఆయన అంతా విని నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకు సిస్టర్. ఆమె నోట్లకెళ్లి మాట బయటికచ్చేటాల్లకు నువ్వే గుంజుకుంటున్నవ్. ఇగ ఆమె ఏం మాట్లాడుతది?"

"అది కాదన్నా, ఈవిడ చెప్పేలోపు తెరమీద ఆవిడ ముందుకెళ్లిపోతుంది కదా!"

"మరి ఆపరాదు? రిమోట్ నీ చేతులనే ఉన్నది గదా."

సిగ్గుతో చచ్చిపోయాను. పన్నెండేళ్లుగా వార్డులో ఎంతమంది నోట్లోంచి ఇలా లాక్కున్నానో! ఒకతను నొప్పి పొట్టలో కాదు, గుండెల్లో అని చెప్పబోయాడేమో, నేనెప్పుడైనా ఆగి విన్నానా? ఆ సాయంత్రం బ్యాటరీలు ఏరి వేసి, పాఠం నేనొక్కదాన్నే మళ్లీ చూశాను. అప్పుడు కనబడింది. ప్రశ్న అడిగాక బల్ల అంచున ఆ అమ్మాయి వేళ్లు ఒకటొకటిగా ముడుచుకుంటున్నాయి. అయిదు, మళ్లీ రెండు. ఏడు లెక్కపెట్టాకే నోరు తెరుస్తోంది. అంటే ఆవిడకీ నాలాగే ఓపిక లేదన్నమాట, లెక్కపెట్టి తెచ్చుకుంది.

మర్నాటినుంచి ఖాళీ రాగానే రిమోట్ నొక్కి బొమ్మ ఆపేసేదాన్ని. పెదవి పంటికింద పెట్టుకుని వేళ్లు ముడుచుకుంటూ ఏడు, మళ్లీ ఏడు. ఆ రోజు ఏమీ రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. నాకు లోపల పిచ్చెక్కిపోతోంది, అయినా పంతం వదల్లేదు. ఆరోరోజు మూడోసారి ఏడు లెక్కపెడుతుండగా ఆవిడ గొంతులో ఏదో కదిలింది.

"పిండి" అంది ఇంగ్లీషులో, గరగరగా.

వంటింట్లో చపాతీకర్ర చప్పుడు ఆగిపోయింది. అన్న పరుగున వచ్చి పిండి అంటిన రెండు చేతులూ ఆవిడ ముందు చాపాడు. "ఇగో మేడం, పిండి! ఇగో!" ఆవిడ ఆ చేతుల్ని ముట్టుకుని, తన వేళ్లకి అంటిన తెల్లటి పొడిని చూసుకుంది. ముగ్గురం ఏడ్చాం, దాచుకోవడం దేనికి?

ఆ తర్వాత మాటలు వచ్చింది పాఠంలో కంటే టీవీ మూసే వేళలోనే. మధ్యాహ్నం ఏదో ఒకటి పెడతానంటే ఆవిడ ఒప్పుకునేది కాదు, పేపరు ముక్కమీద వేలు పెట్టి చూపించేది. ఐదింటిదాకా ఏమీ ఉండకూడదు. వరండాలో కూర్చుని ఎండకి వెలిసిన కొండల్ని చూసేవాళ్లం. నేను నోరు మూసుకుని కూర్చునేదాన్ని, నా జీవితంలో అంతకంటే కష్టమైన డ్యూటీ లేదు. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్కటే వచ్చేవి. నీళ్లు. చలి. వద్దు. వద్దు అన్నది అన్నిటికంటే ఎక్కువ. సాయంత్రం పాటలకి ఎడంచేత్తో తాళం వేసేది. ఎనిమిదింటికి జాతీయగీతం పెట్టి, టీవీ కట్టేసి, పడుకోబెట్టేవాళ్లం.

కూతురు వచ్చే ముందురోజే ఆఫీసునుంచి కాగితం వచ్చింది. నెలాఖరునుంచి నాకు వార్డు డ్యూటీ. మూడు అర్జీలకి ఫలితం. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

కూతురు వచ్చి తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీకు ఎక్కడ ఉండాలనుంది?" అని అడిగి, ఊపిరి తీసుకునే లోపే "నాతో వస్తే నీకే సుఖం, నేను రోజూ వచ్చి చూస్తాను" అని మొదలుపెట్టింది. ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తాను. కూతురు తెల్లబోయి ఆగింది. నేను వేళ్లు ముడవసాగాను. ఏడయింది. మళ్లీ ఏడయింది. కూతురు నావైపు కోపంగా చూసింది. నేను చెయ్యి దించలేదు. తలుపు దగ్గర అన్న కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ" అంది ముసలావిడ.

కూతురు ముఖం చేతుల్లో దాచుకుంది. "ఇక్కడ నీకు ఎవరున్నారమ్మా?" అంది.

ఆవిడ అన్నవైపు చూసి తలాడించింది. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వు?" అంది. అని ఆగింది.

ఈసారి అందించడానికి ఎవరి మాటా లేదు, అది నా మాటే. ఒళ్లోని బ్యాగులో ఆ కాగితం ఉంది. కుర్చీ చేతిమీద ఆవిడ ఎడంచేతి వేళ్లు ఒకటొకటిగా ముడుచుకుంటున్నాయి. నాలుగు. అయిదు. ఆరు.

"ఉంటాను" అన్నాను.

ఆవిడ గుండెలనిండా గాలి తీసుకుంది. తెరమీద అమ్మాయి గొంతులోని ఆ పాత హుందాతనంతో, ఎక్కడా తడబడకుండా అంది:

"బాగా చెప్పారు, పిల్లలూ."