వ్యోమగాముల బిళ్లలకు బొట్టు

ఒకసారి విజయవాడలో ఒక పెద్దమనిషి చూసి ఇస్తానని నా తపాలా బిళ్ల తీసుకుని, చిరుగున్న వేరే బిళ్ల చేతిలో పెట్టాడు. అతని చొక్కా రంగు కూడా నేను మరిచిపోలేదు. అందుకే తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో పక్క సీటు అవ్వ నా ఆల్బంలోకి తొంగిచూస్తే అనుమానమే వచ్చింది. చనిపోయిన వ్యోమగాముల స్మారక బిళ్లలవి. చిత్తూరు ప్రదర్శనలో పోటీకి తీసుకెళ్తున్నాను. చిన్న మచ్చ పడినా మార్కులు పోతాయి. వంకరగా ఉన్నదాన్ని సరిచేద్దామని అప్పుడే పైకవరు తీశాను.

"ఎవురప్పా వీళ్లు?"

"అంతరిక్షంలోకి వెళ్లి చనిపోయినవాళ్లు."

"అందరూనా? ఈ పాప గూడానా?"

ఆమె వేలు పెట్టి చూపిన మహిళా వ్యోమగామిని చూసి అవునన్నాను. ఆమె గాజుకున్న పిన్నీసు తీసింది. బిళ్ల లేపేస్తుందని ఆల్బం గట్టిగా పట్టుకున్నాను. ఆమె తిరుచానూరు కుంకుమ పొట్లం విప్పి, నీటిచుక్కతో తడిపి, నేను వద్దనేలోపే పిన్నీసు కొసతో అందరి నుదుట బొట్లు పెట్టేసింది.

"ఏం చేశావమ్మా! పాడైపోయాయి!"

"బాగుండాది! పోయినోళ్ల పటాలకి బొట్టన్నా పెట్టకుండా ఎట్ల పెట్టుకున్నావప్పా? మీ ఇంట్లో ఆడోళ్లు లేరా?" అని నన్నే తిట్టి, పూతలపట్టులో దిగిపోయింది.

చిత్తూరులో న్యాయనిర్ణేత భూతద్దం పెట్టి చూసి, 'మరకలు' అని రాసి మార్కులు కోసేశాడు. అవి మరకలు కావు, బొట్లు అని అక్కడే ఫిర్యాదు రాసిచ్చాను. జవాబు రాలేదు. ఇప్పుడు మూడోసారి రాస్తున్నాను.