అత్త సొరబుర్ర

మా అత్త వాదించేది కాదు. ఏ తగువొచ్చినా పొయ్యిలో కర్ర ఎగదోస్తూ "సూద్దాం" అనేది.

ఆ ఏడు అరకు కొండవాలులో ఉన్న మా చేలో నూనెగింజల కోసం ఏ రకం వలిసెలు చల్లాలన్నదే తగువు. మామయ్య బేగి పూసే కొత్తరకం ప్యాకెట్టు తెచ్చాడు. అత్త పొయ్యిమీద వేలాడే ఎండు సొరబుర్ర చూపించింది. అందులో దాచిన పాత విత్తనమే కావాలంది. చివరికి చెరిసగం చల్లారు.

కొత్తరకం ముందే పూసింది. "సూసినావా?" అంటూ మామయ్య మీసం తిప్పాడు.

"సూద్దాం" అంది అత్త.

అది నిండు పూత మీదుండగా ముసురు పట్టింది. పువ్వంతా రాలి తాలుగింజలు మిగిలాయి. వాన వెలిశాక పాతరకం తీరుబడిగా విచ్చుకుంది. వాలంతా పసుపు, తేనెటీగల రొద.

మరుసటేడు మామయ్యే సొరబుర్ర దించి, "ఏటి సల్లుదాం?" అని నేలచూపులు చూశాడు. అత్త దాన్ని లాక్కుని నెత్తిన పెట్టుకుని, వాకిట్లో థింసా ఆట అడుగేసింది.

"ఇంక సూసీదేటి మావా? సల్లెయ్!"